వీకెండ్‌లో మాత్రమే తాగే భర్త: ఎక్కడిదాకా మామూలు, ఎక్కడినుంచి సమస్య?

ముందు ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. అడిగినావిడది గుంటూరు వైపు, భర్తది కరీంనగర్ వైపు. హైదరాబాద్‌లో కాపురం, ఇద్దరివీ ఐటీ ఉద్యోగాలు, మూడేళ్ల బాబు. ఆయన ఆదివారం నుంచి గురువారం దాకా మందు ముట్టరు. శుక్ర, శనివారాలు స్నేహితులతో కూర్చుంటే ఒక్కో రాత్రి హాఫ్ బాటిల్ దాకా అవుతుంది. గొడవ చేయరు, చెయ్యెత్తరు, జీతం ఇంటికే వస్తుంది. "ఇది సోషల్ డ్రింకింగ్, ఈ రోజుల్లో తాగనిదెవరు?" అని ఆయన వాదన. "మొగోడన్నంక దావత్‌ల తాగడా, గిదేం పెద్ద ముచ్చట" అని అత్తగారు. తమ్ముణ్ణి సారాకి పోగొట్టుకున్న నాన్నగారేమో "నా కూతుర్ని తాగుబోతుకిచ్చాను" అని అల్లుడితో మాట్లాడటమే మానేశారు. "కాలం మారిందా, నేనే పాతకాలం మనిషిలా ఆలోచిస్తున్నానా? ఎక్కడిదాకా మామూలు, ఎక్కడినుంచి సమస్య?" ఇదీ ప్రశ్న.

నేను సైకియాట్రిస్టుని. మొదట తెలంగాణలో ఒక జిల్లా ప్రభుత్వాసుపత్రిలో, తర్వాత హైదరాబాద్‌లో డీఅడిక్షన్ ఓపీ చూస్తూ వచ్చాను. పుట్టి పెరిగింది నెల్లూరు జిల్లా, అందుకని రెండు వైపుల ఇళ్లలోని మాటలూ నాకు కొత్త కాదు.

సూటిగా చెప్పాలంటే: అమ్మా, మీవారు మీ నాన్నగారు అనుకునే తరహా తాగుబోతు కాదు. కానీ ఆయన తాగుతున్న మోతాదు మామూలూ కాదు. వారంలో ఐదు రోజులు మానేస్తున్నారన్న దానికన్నా, తాగిన రెండు రాత్రుల్లో ఎంత లోపలికి పోతోందన్నది ముఖ్యం. మనిషిని చూడకుండా నేను జబ్బు పేరు పెట్టను. మీరు రాసిన దాన్నిబట్టి మాత్రం ఇప్పుడే తగ్గించుకోవాల్సిన స్థితి. తగ్గించుకోగలిగే స్థితి కూడా, అది మంచి విషయం.

ఈ మాట నా అభిప్రాయంగా వదిలేయను, లెక్క చూపిస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన ఆడిట్ అనే ప్రశ్నావళి ఒకటుంది. పది ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు. 8, ఆపైన వస్తే తాగుడు హాని వైపు వెళ్తోందని, 20, ఆపైన వస్తే మందుకి బానిసయ్యాడేమో పరీక్షించాలని లెక్క. ఎన్నాళ్లకోసారి తాగుతారు? వారానికి రెండుసార్లంటే 3 మార్కులు. తాగిన రోజు ఎన్ని పెగ్గులు? పది, ఆపైన అయితే 4. ఒకే సిట్టింగ్‌లో ఆరు, అంతకు మించి ఎన్నాళ్లకోసారి? ప్రతి వారం అంటే 3. చివరి ప్రశ్న: గత ఏడాదిలో మీ తాగుడు గురించి ఇంట్లోవాళ్లో, స్నేహితుడో, డాక్టరో ఆందోళన పడి తగ్గించమన్నారా? అవునంటే 4. మీరు అడిగారు కాబట్టి అదీ పడింది. మొత్తం 14. మిగతా ఆరు ప్రశ్నలు ఇంకా అడగనే లేదు.

హాఫ్ బాటిల్‌కి పది పెగ్గులా అని ఆయన అనొచ్చు. 30 మి.లీ. విస్కీలోనో బ్రాందీలోనో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. దాన్నే మేం ఒక డ్రింక్ కింద లెక్కిస్తాం. క్వార్టర్ అంటే 180 మి.లీ., ఆరు డ్రింకులు, 60 గ్రాములు. హాఫ్ అంటే 375 మి.లీ., పన్నెండు డ్రింకుల పైచిలుకు. ఒకే సిట్టింగ్‌లో 60 గ్రాములు, అంతకు మించి తీసుకుంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అతి తాగుడు కింద రాసుకుంటుంది. అంటే మన దగ్గర "ఆఁ, ఒక్క క్వార్టరే" అని తేలిగ్గా తీసేసే కొలత దగ్గరే ఆ గీత ఉంది. మీవారు దానికి రెట్టింపు. బీరు వేరే అనుకోవద్దు. 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసా ఒక్కటి నాలుగు డ్రింకులకు సమానం. రెండు సీసాలు కొట్టి "నేను హాట్ ముట్టను" అనేవాళ్లు క్వార్టర్ దాటేసినట్టే.

ఇక మీ ఇంట్లో ముగ్గురూ మూడు రకాలుగా ఎందుకు మాట్లాడుతున్నారో చూద్దాం. ఎవరి మాటా ఊరికే పుట్టలేదు.

మీ నాన్నగారి తరానికి మందంటే సారా. ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో ప్యాకెట్లలో ఊరూరా సారా అందించిన కాలం అది. కూలి డబ్బు సాయంత్రానికి ప్యాకెట్లయ్యేది. 1992లో మా జిల్లాలోని దూబగుంటలో ఆడవాళ్లు లేచి సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న పాఠమే వాళ్లకు ఆ ఊపునిచ్చింది. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడు రాష్ట్రమంతా తెలిసింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని ఆడవాళ్లు సారా వేలంపాటలు జరగనివ్వకుండా అడ్డం నిలబడ్డారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో దాన్ని సడలించారు. అంతకు చాలా ముందు, 1954లో, టంగుటూరి ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయింది కూడా మద్యనిషేధం గొడవ మీదే. ఇలాంటి గడ్డ మీద పెరిగి, సొంత తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషికి అల్లుడి చేతిలో గ్లాసు కనిపిస్తే గుండె జారుతుంది. ఆయన దృష్టిలో తాగేవాడు, తాగనివాడు అని రెండే వర్గాలు.

ఆ ఉద్యమం వల్ల మంచి జరిగింది, సందేహం లేదు. ఇంకొకటి కూడా జరిగింది, దాని గురించి తక్కువ మాట్లాడుకుంటాం. కోపమంతా సారా మీద, సారా తాగే పేదవాడి మీద పోగుపడింది. సీసాలో వచ్చే బ్రాందీ, విస్కీ "పెద్దమనుషుల మందు"గా ఒడ్డున ఉండిపోయాయి. నిషేధం సడలాక సారా ప్యాకెట్ స్థానంలోకి చీప్ లిక్కర్ క్వార్టర్ వచ్చింది, ఊళ్లో బెల్టు షాపు వచ్చింది. జనం మనసులో మాత్రం "తాగుబోతు" అంటే వైన్ షాపు పక్కన పడిపోయిన లుంగీ మనిషి బొమ్మే నిలిచిపోయింది. మీవారికి ఆ బొమ్మతో పోలికే లేదు. అందుకే ఆయనకు తన తాగుడు సమస్యలా కనిపించదు, మీ అత్తగారికీ కనిపించదు.

అత్తగారి వైపు చూస్తే అక్కడ కల్లు ఇంటి వ్యవహారం. బోనాలకు, పోచమ్మకు సాక పోసేది కల్లే. పుట్టువెంట్రుకలకు, పండక్కి, చుట్టం వస్తే కల్లు. పోయినవాళ్లకు పిట్టకు పెట్టేటప్పుడు వాళ్లకిష్టమైన మందూ పెడతారు. చాలా ఊళ్లలో పెద్దావిడలు కూడా నలుగురి మధ్యే కూర్చుని తాగుతారు, ఎవరూ చెవులు కొరుక్కోరు. దీన్ని వెనకబాటుతనం అనడం తప్పు. ఎప్పుడు, ఎవరితో, ఎంత అన్నదానికి అక్కడా కట్టుబాట్లు ఉండేవి. చెట్టు మీద నుంచి దించిన కల్లు పొద్దెక్కేకొద్దీ పులిసిపోతుంది, దాచుకోవడం కుదరదు. గీసేవాడు రోజుకు ఇంతే గీయగలడు. ఆ హద్దులు చెట్టుతో పాటు వచ్చినవి.

ఆ హద్దులు కల్లు కాంపౌండ్లలోకి వచ్చేసరికి మిగల్లేదు. చెట్ల నుంచి వచ్చేది తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ. దాంతో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన "కల్లు" తయారైంది. 2015లో కల్తీ మీద దాడులు ముమ్మరమై ఆ కల్లు ఒక్కసారిగా దొరక్కుండా పోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు నుంచి ఎంతమంది వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో ఆసుపత్రులకు వచ్చారో అప్పటి పేపర్లు చూసినవాళ్లకు గుర్తుంటుంది. వాళ్లలో చాలామందిని ఇంట్లో ఎవరూ తాగుబోతులని అనలేదు. "సాయంత్రం రెండు సీసాల కల్లు, అంతే సార్" అనేవారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 అంకెలు చూడండి. పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో మందు తాగుతామని చెప్పినవాళ్లు తెలంగాణలో 43.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం. ఆడవాళ్లలో తెలంగాణలో 6.7, ఆంధ్రలో 0.5. ఈ తేడా అంతా తాగుడులో తేడా అని నేననుకోను. సర్వే వాళ్లు గుమ్మంలో నిలబడి అడిగితే, తాగడం తలవంపులుగా ఉన్న చోట నిజం గొంతు దాటదు. దేశం మొత్తం మీద మగవాళ్లలో ఇది 18.8 శాతమే. "అందరూ తాగుతున్నారు" అనే మీవారి మాటకు ఇదే జవాబు: ఆయన కూర్చునే టేబుల్ చుట్టూ అందరూ తాగుతున్నారు. టేబుల్ ఎంచుకున్నది ఆయనే.

అయితే కాలం మారిందన్నది నిజమే. పెళ్లి ముందు రోజు కాక్‌టైల్ పార్టీ ఇప్పుడు మధ్యతరగతి ఇళ్లలోనూ బడ్జెట్‌లో ఒక లైను. ఇదివరకు మామగారు వస్తే సీసా మంచం కిందికి పోయేది, ఇప్పుడు మామా అల్లుళ్లు కలిసి కూర్చునే ఇళ్లు ఎన్నో. రాజకీయం కూడా మారింది. 1994లో నిషేధం తెస్తామన్నది ఓట్లు తెచ్చిన హామీ. 2019లో ఆంధ్రలో దశలవారీ నిషేధం అన్నారు, ప్రభుత్వమే దుకాణాలు నడిపింది, ధరలు పెంచింది. 2024 ఎన్నికలకు వచ్చేసరికి నాణ్యమైన మందు, అందుబాటు ధర అన్నది బహిరంగంగా ఇచ్చిన హామీ, ఆ అక్టోబర్‌లో ప్రైవేటు షాపులు, 99 రూపాయల క్వార్టర్ వచ్చాయి. ఏ పార్టీ మంచిదన్న చర్చలోకి నేను పోను. ముప్పై ఏళ్లలో జనం అడిగే ప్రశ్న "తాగనిస్తారా" నుంచి "మంచి బ్రాండ్ ఎందుకు దొరకట్లేదు" దాకా వచ్చిందన్నది మాత్రం కళ్లెదుట ఉంది. కాబట్టి మీరు పాతకాలం మనిషి కాదు. రెండు కాలాల మధ్య చిక్కుకున్న ఇల్లు మీది.

ఒక విషయంలో మనం కఠినంగా మారాం, అదీ చెప్పాలి. తాగి బండి నడపడం. నా చిన్నప్పుడు అది ధైర్యం కింద లెక్క. ఇప్పుడు హైదరాబాద్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికితే ఆఫీసులో చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. చట్టం ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇక్కడ వీకెండ్ తాగేవాళ్లు మర్చిపోయేది ఒకటుంది. లివర్ గంటకు ఎనిమిది పది గ్రాముల ఆల్కహాల్‌ని మాత్రమే కరిగించగలదు. రాత్రి పన్నెండింటికి ముగిసిన హాఫ్ బాటిల్ ఆదివారం పొద్దున పదింటికి కూడా ఒంట్లో పూర్తిగా దిగకపోవచ్చు. నిమ్మరసం, మజ్జిగ, బ్లాక్ కాఫీ, చన్నీళ్ల స్నానం ఏవీ ఆ లెక్కను ముందుకు జరపవు. బాబుని టిఫిన్‌కి కారులో తీసుకెళ్లేది ఆ టైముకే కదా. ఆన్‌సైట్ మాట ఉంటే ఇంకోటి కూడా తెలుసుకోమనండి: అమెరికాలో తాగి నడిపిన కేసులో అరెస్టయితే, కోర్టు తేల్చకముందే వీసా రద్దయ్యే అవకాశం ఉంది.

వైద్యం చూపు కూడా ఈ మధ్యలో మారింది. నేను చదువుకునేటప్పుడు దుర్వినియోగం ఒక గది, బానిసత్వం ఇంకో గది. 2013లో అమెరికన్ సైకియాట్రీ వర్గీకరణ ఆ రెంటినీ కలిపేసి ఒకే జబ్బుని తేలిక, మధ్యస్థం, తీవ్రం అని మెట్లుగా చూడమంది. పదకొండు లక్షణాల్లో ఏడాదిలో రెండు కనిపించినా మొదటి మెట్టు మీద ఉన్నట్టే. రెండు పెగ్గులు గుండెకు మంచివన్న మాట కూడా ఇప్పుడు నిలబడట్లేదు. 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో చేర్చారు. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంత తక్కువైనా ఆరోగ్యానికి సురక్షితం అనదగ్గ మోతాదు లేదని తేల్చి చెప్పింది. అంటే సమాజం తలుపులు తెరుస్తున్న సమయంలోనే డాక్టర్లు గీత దగ్గరికి జరుపుతున్నారు. ఈ రెండూ ఎదురెదురుగా పోతుంటే మీలాంటివాళ్లకు అయోమయం రాక తప్పదు.

నా ఓపీలో చూసిన రెండు రకాల పొరపాట్లు చెప్తాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఒకాయన బ్యాంకు ఆఫీసరు. రోజూ రాత్రి భోజనానికి ముందు క్వార్టర్, సొంత డబ్బు, సొంత ఇల్లు, ఒక్క మాట తూలడు. హెర్నియా ఆపరేషన్ కోసం ఒక ఆసుపత్రిలో చేరారు. మందు అలవాటు గురించి అడిగితే "అప్పుడప్పుడూ" అన్నారు. మూడో రాత్రి చెమటలు, వణుకు, గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరుపులు, సెలైన్ పీకేసుకుని వార్డులో పరుగు. నన్ను పిలిచారు. కొడుకు నాతో మొదట అన్న మాట "మా నాన్న తాగుబోతు కాదు డాక్టర్". నిజమే, కొడుకు చెప్పే అర్థంలో కాదు. కానీ ఆయన ఒళ్లు మందు లేకుండా మూడు రోజులు నడవలేని స్థితికి వచ్చింది. మర్యాదగా తాగడం వల్ల ఇన్నేళ్లూ ఎవరూ ఆపలేదు, అంతే.

రెండోది దీనికి పూర్తిగా ఎదురు. డిగ్రీ చదివే అమ్మాయిని తల్లిదండ్రులు ఏడుస్తూ తీసుకొచ్చారు. ఫోన్‌లో ఫోటో దొరికింది, స్నేహితురాలి పుట్టినరోజున చేతిలో బీరు గ్లాసు. "డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్చుకోండి" అని పట్టు. అమ్మాయి తాగింది అప్పుడొకసారి, అంతకుముందు ఇంకోసారి. ఇరవై ఒకటి నిండకుండా తాగడం చట్టవిరుద్ధమని చెప్పాను, జాగ్రత్తలు చెప్పాను, పంపేశాను. చేర్చుకోలేదు. ఆ తండ్రి దగ్గర విస్కీ వాసన ఓపీ గదిలోకి ఆయనతో పాటే వచ్చింది. పబ్బుల్లో అమ్మాయిల గురించి టీవీలు గంటలు గంటలు మాట్లాడతాయి. సర్వేలో మాత్రం తెలంగాణలో తాగే ఆడవాళ్ల శాతం పట్నంలో కన్నా పల్లెలోనే ఎక్కువ.

సమాజం చూసేది ఎవరు తాగారు, ఏం తాగారు, ఎక్కడ తాగారు అని. నేను చూసేది ఎంత, ఆపగలరా, ఆ తర్వాత ఏమవుతోంది అని. మీరు కూడా ఇంట్లో ఇవి గమనించండి:

ఆయన పెట్టుకున్న హద్దు ఆయనే దాటుతున్నారా? "ఇవాళ రెండే" అని కూర్చుని ఆరు దగ్గర లేవడం నెలలో ఎన్నిసార్లు?

అదే కిక్కుకి ఎక్కువ కావలసి వస్తోందా? పెళ్లైన కొత్తలో క్వార్టర్‌కి సరిపోయినది ఇప్పుడు హాఫ్ అయితే, అది స్టామినా పెరగడం కాదు. "మావాడు ఎంత తాగినా స్టడీ" అని మెచ్చుకునే స్నేహితులకు తెలియదు, ముందు జబ్బు పడేది ఆ స్టడీగా ఉన్నవాళ్లే.

రాత్రి జరిగింది పొద్దున గుర్తుండట్లేదా? కారు ఎవరు నడిపారో, మీతో ఏం మాట్లాడారో గుర్తులేకపోతే నన్ను కలవడానికి ఆ ఒక్కటి చాలు.

శుక్రవారం ముందుకు జరుగుతోందా? ముందు గురువారం "క్లయింట్ కాల్ టెన్షన్", తర్వాత ఆదివారం "మ్యాచ్". ఓపీలో వీకెండ్ తాగుడు రోజువారీ అయ్యేది దాదాపు ఎప్పుడూ ఈ దారిలోనే.

వంశంలో ఉందా? తండ్రి, బాబాయి, మేనమామల్లో మందుకి పోయినవాళ్లుంటే ఆయనకు ముప్పు ఎక్కువ. మీ బాబుకి రెండు వైపుల నుంచీ ఆ వారసత్వం ఉందేమో కూడా ఆలోచించండి.

ఇక్కడ ఒక మాట తప్పకుండా వస్తుంది: "అయ్యప్ప మాల వేస్తే నలభై ఒక్క రోజులు ముట్టను, నాకు అడిక్షన్ ఎక్కడుంది?" దీన్ని నేను కొట్టిపారేయను. మాలలో ఇబ్బంది లేకుండా ఉండగలిగితే ఒళ్లు ఇంకా బానిస కాలేదని అర్థం, అది మంచి సంగతే. కానీ ఆపగలగడం వేరు, తాగినప్పుడు హద్దులో ఉండగలగడం వేరు. మాల తీసిన రాత్రే బాకీ అంతా తీర్చేసుకునేవాళ్లు ఉన్నారు. ఇంకోవైపు, మాల వేసిన రెండో రోజో మూడో రోజో ఫిట్స్ వచ్చి ఆసుపత్రికి వచ్చిన స్వాములనూ చూశాను. నియమంలో ఏదో తప్పు జరిగిందని ఇంట్లోవాళ్లు భయపడుతుంటారు. జరిగింది మాత్రం రోజువారీ మందు ఒక్కసారిగా ఆగిపోవడం.

అందుకే ఈ జవాబు చదివే మిగతావాళ్లకి ఒక హెచ్చరిక. రోజూ తాగేవాళ్లు, పొద్దున చేతులు వణికేవాళ్లు సొంతంగా ఒక్కసారిగా మానేయకూడదు. మానేసిన ఆరు గంటల నుంచి రెండు రోజుల్లోపు ఫిట్స్ రావొచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పే స్థితి రావొచ్చు, అది ప్రాణాంతకం. 2020 లాక్‌డౌన్‌లో షాపులు మూసిన వారంలోపే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం ఎలా పోటెత్తారో చూశాం. ఆసుపత్రిలో బి1 విటమిన్ ఇంజెక్షన్లు, వణుకు తగ్గించే మాత్రలు ఇచ్చి కొద్ది రోజుల్లో క్షేమంగా దించొచ్చు. మీవారికి ఇది వర్తించేలా లేదు, ఐదు రోజులు హాయిగా ఉంటున్నారు కాబట్టి.

ఇంకో హెచ్చరిక భార్యలకు, తల్లులకు. కూరలోనో కాఫీలోనో కలిపే "మందు మాన్పించే పొడి" జోలికి పోవద్దు. కొన్నింటిలో డైసల్ఫిరామ్ ఉంటుంది. అది డాక్టర్ పర్యవేక్షణలో, మనిషికి చెప్పి, ఒప్పించి వాడే మాత్ర. తెలియకుండా పెడితే ఆయన మామూలుగా తాగేస్తాడు, బీపీ పడిపోయి, వాంతులతో ఐసీయూకి పోతాడు. కొందరి ప్రాణం మీదికీ వస్తుంది. ఇప్పుడు తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి, అవి కూడా చెప్పి వాడేవే.

మీవారితో ఎలా మాట్లాడాలంటే, శుక్రవారం రాత్రి వద్దు, ఆదివారం తల పట్టుకుని కూర్చున్నప్పుడూ వద్దు. మంగళవారమో బుధవారమో, బాబు పడుకున్నాక. "తాగుబోతు" అన్న మాట నోటి దాకా వచ్చినా ఆపుకోండి. ఆ మాట వినగానే ఆయన తనకన్నా ఎక్కువ తాగే పదిమంది పేర్లు చెప్తారు, చర్చ అక్కడితో అయిపోతుంది. ఆడిట్ ప్రశ్నలు ఆయన చేతికిచ్చి ఆయననే మార్కులు వేసుకోమనండి. ఐటీ మనిషి కదా, ఇంకొకరి ఉపదేశం కన్నా సొంతంగా వేసుకున్న స్కోరు ఎక్కువ పనిచేస్తుంది. తర్వాత ఒక నెల పూర్తిగా ఆపి చూడమనండి. నెల తర్వాత తాగుతానంటే 30 మి.లీ. కొలతతో పోసుకోవాలి, కూర్చుంటే రెండు దాటకూడదు, వారానికి ఒక్క రోజే. ఇది సురక్షితమని నేననడం లేదు, హాని తగ్గుతుందంటున్నాను. తనే ఒప్పుకున్న ఈ హద్దు మీద రెండు నెలలు నిలబడలేకపోతే అప్పుడు సమస్య ఆయనకే స్పష్టంగా కనిపిస్తుంది.

పరీక్షలు చేయించండి: లివర్ పనితీరు చెప్పే ఎల్ఎఫ్‌టీ, జీజీటీ, కంప్లీట్ బ్లడ్ పిక్చర్, కడుపు అల్ట్రాసౌండ్. రిపోర్టులు నార్మల్ వస్తే "చూశావా" అంటారు. లివర్ చాలాకాలం ఓర్చుకుంటుంది, నార్మల్ రిపోర్టు ఇంకో హాఫ్‌కి లైసెన్సు కాదని ముందే చెప్పి ఉంచండి.

నాన్నగారికి అల్లుణ్ణి సమర్థిస్తూ ఏమీ చెప్పొద్దు. "బాబాయిలా కానివ్వను, ఇప్పుడే చూసుకుంటున్నాను" అంటే చాలు. ఆయన భయం అల్లుడి మీద కాదు, మీ మీద. అత్తగారితో కూడా గొడవ అక్కర్లేదు. ఆవిడ కల్లు లెక్కలో మాట్లాడుతున్నారు, కొడుకు తాగేది విస్కీ. సీసాలో సగం అని చూపిస్తే ఆవిడే ముందు తిడతారని నాకు నమ్మకం, ఆ వైపు తల్లులను చాలామందిని చూశాను.

ఆయన డాక్టర్ దగ్గరికి రానంటే మీరొక్కరే వెళ్లండి. తాగే మనిషి రాకపోయినా ఇంట్లోవాళ్లతో పని మొదలుపెట్టొచ్చు, మేం రోజూ చేసేదే. మన దేశంలో మందుకి బానిసైనవాళ్లలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స దాకా వస్తున్నారని 2019లో వచ్చిన ఎయిమ్స్ సర్వే చెప్పింది. మిగతావాళ్లలో చాలామంది ఇంట్లోవాళ్లు "ఆయన రాడు" దగ్గరే ఆగిపోతారు. ముందు ఫోన్‌లో మాట్లాడదామనుకుంటే టెలిమానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. వెళ్లేటప్పుడు గత నాలుగు వీకెండ్లలో ఏ రాత్రి ఎన్ని మి.లీ. అయిందో గుర్తున్నంత రాసుకుని, ఆయన వాడే బీపీ, షుగర్, నిద్రమాత్రల చీటీలు కూడా పట్టుకెళ్లండి. ముఖ్యంగా నిద్రమాత్రలు వాడుతుంటే ఆ సంగతి మొట్టమొదట చెప్పాలి, మందుతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది.